వడమాలపేట దగ్గర ఆగిన పాట

పోయిన నెల పుత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాను. రేణిగుంట ఎప్పుడు దాటిందో తెలియదు. "వడమాలపేట, వడమాలపేట దిగేటోళ్ళు ముందుకు రావాల" అని కండక్టరు అరిచాడు. నేను కళ్ళు తెరిచేలోపే నా ఎడమచేతి నడిమి వేలు ముందు సీటు కమ్మీని గట్టిగా నొక్కింది. కుడిచెయ్యి ఒళ్ళోని సంచీని ఒకసారి మీటింది. పక్కనున్న పెద్దాయన "ఏమప్పా, తిమ్మిరెక్కినాదా?" అని అడిగాడు. అవునన్నాను. అది ఊరి పేరు మాత్రమే కాదనీ, నా వేలికి అది గాంధారమనీ ఆయనకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పేది?

ఆ వేలికి అది నేర్పిన మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఆయన పేరు రాయను. భజనకు పిలిచినవాళ్ళు కరపత్రంలో పేరు వేస్తామంటే "నా పేరు యాలబ్బా, బెంజో అని ఏస్తే సాలు" అనేవాడు. ముప్ఫై ఏళ్ళు బస్సులో కండక్టరు. రిటైరయ్యాక కూడా కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడేవాడు, కింద నేల కదులుతున్నట్టు. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలో ఆగి లోపలున్న తలలు లెక్కపెట్టేవాడు. అందరూ కూర్చున్నారని తేలేదాకా తను కూర్చోడు. నిండు బస్సులో ఆ చివరి సీటుకు వినబడే గొంతు. ఇంట్లో మాత్రం ఆ గొంతు తాళం వేసిన పెట్టె. పెళ్ళాంతో రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగ కిందే లెక్క.

మా ఇంట్లో సంగీతం లేకపోలేదు. నాయన గుడిలో పాశురాలు చదివేవారు, మేనత్త వీణ వాయించేది. నేను మాత్రం నలభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా బడిలో పిల్లలకు లెక్కలు చెప్పడం తప్ప మరో వాద్యం ముట్టుకోలేదు. ఒకరోజు ఎవరిదో గృహప్రవేశంలో భజన జరుగుతుంటే ఒక మూల నుంచి చెక్కపెట్టె మోగింది. మూరెడున్నర పొడుగు, మీద టైపు మిషనుకు ఉన్నట్టు మీటలు, లోపల తీగలు. ఎడమచేత్తో మీట నొక్కడం, కుడిచేత్తో తీగను గీటడం. బుల్‌బుల్ తార అని దానికి మంచి పేరే ఉంది గానీ మా వైపు బెంజో అంటేనే తెలుస్తుంది. భజన అయ్యాక వెళ్ళి, నేర్పుతావా అన్నా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం పని జేస్తావు?"

"బళ్ళో అయ్యవారిని."

"అయ్యోరికి పాఠం చెప్పేది నాకు రాదప్పా. బస్సెక్కిస్తా. దిగే సోటు నువ్వే సూసుకోవాల."

ఆ మాటకు అర్థం ఆదివారం ఉదయం వాళ్ళ మిద్దె మీద, రేకుల షెడ్డులో తెలిసింది. ఆయనకు స రి గ మలు రావు. మీటలన్నిటికీ తను తిరిగిన దారిలోని ఊళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. నడుమ ఉన్న మీట తిరుపతి. అక్కణ్ణుంచి పైకి పోతే రేణిగుంట, వడమాలపేట, పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు, మద్రాసు. కిందికి దిగితే చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, చిత్తూరు. మధ్యలో ఉన్న నల్ల మీటలు చెయ్యెత్తితే ఆపే రిక్వెస్టు స్టాపులు. ఏ పాటైనా ఆయన డైరీలో ఊళ్ళ వరసగానే ఉండేది. ఎక్కువసేపు ఆగాల్సిన చోట ఊరి పేరు పక్కన "నిలుపు" అని రాసుకునేవాడు.

నాకు నవ్వొచ్చింది. నాయన బతికుంటే ఏమనేవారో అనుకున్నాను. మూడు వారాలు తిరిగేసరికి నవ్వు తగ్గింది, ఎందుకంటే స రి గ మ అని వెతుక్కునే వేలు రేణిగుంట అనగానే సరిగ్గా పోయి పడుతోంది. ఆ దారిలో నేను ఎన్నిసార్లు పోలేదు!

వాయించే పద్ధతులు మూడన్నాడు. మొదటిది ఆర్డినరీ. ప్రతి స్టాపులోనూ ఆగాలి, ఒక్కో మీటకు ఒక్కో దెబ్బ. భజనకు అదే. "ముసిలోళ్ళు ఎక్కుతా దిగతా వుంటారు, తొందర పడగూడదు" అనేవాడు. రెండోది ఎక్స్‌ప్రెస్. అది పెళ్ళి ఊరేగింపులకు. కుడిచెయ్యి ముందుకూ వెనక్కూ ఆగకుండా కొట్టుకుంటూ ఉండాలి, డప్పుల మోతలో కూడా వినబడాలి. నా చెయ్యి అయిదు నిమిషాలకే పడిపోయేది. తీగ గీటే ముక్కను ఆయన పాత సిమ్ కార్డు అట్ట నుంచి మూడు మూలలుగా కత్తిరించేవాడు. నేను వారానికొకటి విరగ్గొట్టేవాణ్ణి. "అయ్యోరా, నువ్వు తీగను కొట్టడంలే, పిలకాయల్ని కొడతా వుండావు" అనేవాడు. నాకు కోపమొచ్చేది. నేను పిల్లల్ని కొట్టే అయ్యవారిని కాదు. అదే మాట అంటే, "అయితే ఆ కసి అంతా దీని మీద తీర్సుకుంటా వుండావు" అని ముసిముసిగా నవ్వేవాడు.

మూడోది ఘాట్ రోడ్డు. దాన్ని నాకు రెండేళ్ళ దాకా ముట్టనివ్వలేదు. తీగను ఒక్కసారే గీటాలి. ఆ మోత చచ్చిపోయేలోపల ఎడమచెయ్యి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి జారిపోవాలి, నడుమ ఎక్కడా తెగకూడదు. "కొండ మీదికి పొయ్యే బస్సు మలుపుకాడ తెగతాదా? ఒరుసుకుంటా తిరగతాది. ఆ మాదిరి" అనేవాడు. నా వేళ్ళు మీట మీట దగ్గరా టకటకమని చప్పుడు చేసేవి. ఆయన వేళ్ళు జారితే ఆ చెక్కపెట్టెలోంచి మనిషి మూలుగు లాంటిది వచ్చేది. విన్నప్పుడల్లా నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకునేవాణ్ణి. లెక్కల అయ్యవారికి ఇదేం రోగమని నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి.

మొదలుపెట్టాలంటే పెట్టె పక్కన వేలితో రెండు దెబ్బలు, ఆపాలంటే ఒక దెబ్బ. బస్సులో విజిలు లెక్కే. ఇంకో నియమం ఉంది. ఎన్ని ఊళ్ళు తిరిగినా పాట ఆఖరికి తిరుపతికి చేరాలి. ఒకసారి నేను పుత్తూరు దగ్గర ఆపేసి చెయ్యి దులుపుకుంటే, "బండిని రోడ్డు మీద వదిలేసి యాడికప్పా పోతావు? డిపోలో పెట్టేసి పో" అని గద్దించాడు. తిరుపతి మీట నొక్కి వాయించాకే కిందికి దిగనిచ్చాడు.

ఆయన డైరీ చివర్లో ఒక పేజీ ఉండేది. నేను తొంగిచూస్తే చేత్తో మూసేవాడు. ఒకటి రెండు వరసలు మాత్రం కంటబడ్డాయి. అన్నిట్లోనూ వడమాలపేట నిలుపు, వడమాలపేట నిలుపు. "ఇదేం పాటన్నా?" అని అడిగితే, "ఇది ఇంకా సర్వీసులో పెట్టలేదు" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

ఆయన భార్యను నేను వదినా అని పిలిచేవాణ్ణి. మోకాళ్ళ నొప్పులు, మిద్దె ఎక్కేది కాదు. మేం పైన ఏం మాట్లాడుకుంటామో ఆమెకు తెలియదు, చెక్కపెట్టె మోత మాత్రమే వినబడుతుంది. పూతలపట్టు పక్క పల్లె నుంచి వచ్చిన రైతుబిడ్డ. ఎప్పుడు వెళ్ళినా పెరట్లో చేట ముందేసుకుని శనక్కాయలు ఒలుస్తూ ఉండేది. ఒలుస్తూ సన్నగా ఏదో పాడుకునేది. నేను మెట్లు దిగుతుంటే ఆపేసి, "రాప్పా, రాగి జావ తాగి పో" అనేది. ఆ చల్లటి జావలో పచ్చి ఎర్రగడ్డ ముక్కలు కలిపి ఇచ్చే చెంబు ఇప్పటికీ నా చేతికి గుర్తుంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఆయన పోవడానికి మూడేళ్ళ ముందు ఒక ఆదివారం, ఘాట్ రోడ్డు నా చేతికి మొదటిసారి పలికింది. రేణిగుంట నుంచి వడమాలపేటకు తెగకుండా జారింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఒక దెబ్బ కొట్టి ఆపి, "ఇంగ నువ్వు టికెట్ లేకుండా ఎక్కొచ్చు" అన్నాడు. ఆ మనిషి నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు. నేను గాల్లో తేలుతూ మెట్లు దిగి చెప్పులు వేసుకుంటున్నాను. వదిన పెరటి వాకిట్లోకి వచ్చింది.

"ఏమప్పా, మీయన్నకి వడమాలపేటలో ఎవురన్నా తెలిసినోళ్ళు వుండారా?"

డైరీ చూసి ఉంటుంది, ఊళ్ళ లెక్క సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది, నన్ను ఆటపట్టిస్తోంది అనుకున్నాను. వదినా మరిదీ అన్నాక వేళాకోళం మామూలే. పైగా ఆవేళ నాకు నోరు ఆగే స్థితి లేదు.

"ఎవరన్నా ఏమిటి వదినా, ఆయన ప్రాణమంతా ఆడే వుంటే! ఆడ ఆగితే కదిలే మనిషా? నన్ను గూడా ఇప్పుడే పిల్చుకపోయినాడు."

పెద్ద జోకు వేసినట్టు నేనే నవ్వాను. ఆమె "అట్నా" అని లోపలికి వెళ్ళింది. ఆరోజు జావ ఇవ్వలేదన్న సంగతి నాకు సందు చివరిదాకా పోయాక గుర్తొచ్చింది. మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

తరవాతి ఆదివారాల్లో పెరడు నిశ్శబ్దంగా ఉండేది. ఆమె శనక్కాయలు ఒలుస్తూనే ఉండేది, పాట మాత్రం లేదు. నేను పట్టించుకోలేదు. ఆయన పట్టించుకున్నాడని ఇప్పుడు తెలుసు. పాఠం నడుమ హఠాత్తుగా ఒక దెబ్బ కొట్టి నన్ను ఆపేవాడు. పిట్టగోడ దాకా వెళ్ళి పెరటివైపు చెవి పెట్టి నిలబడేవాడు. కాసేపటికి తిరిగొచ్చి "పోనీ" అని రెండు దెబ్బలు కొట్టేవాడు. ఏమిటన్నా అంటే "ఏమీ లేదబ్బా, ఎవురో ఎక్కతారేమోనని" అనేవాడు.

పోయిన ఏడాది ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ కూలబడిపోయాడు. నేను వెళ్ళేసరికి పాత డ్రైవర్లు, కండక్టర్లు ఖాకీ చొక్కాల్లోనే వచ్చి నిలబడి ఉన్నారు. పాడె ఎత్తారు. ఎవరూ అడుగు వెయ్యలేదు. ఒక ముసలి డ్రైవరు దగ్గరికొచ్చి వెదురు బొంగు మీద వేలితో రెండు దెబ్బలు కొట్టి "రైట్" అన్నాడు. అప్పుడు కదిలారు. వదిన అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. నలుగురూ ఏడవమని చెప్పినా ఏడవలేదు. గట్టి మనిషి అనుకున్నాను. నా తెలివి అలా ఉంటుంది.

కర్మలు అయిపోయి వాళ్ళ కూతురు చిత్తూరు వెళ్ళిపోయాక వదిన ఫోన్ చేసింది. "ఒకపారి వచ్చి పోప్పా. సదివిచ్చుకోవాల" అంది. వెళ్ళాను. ఆమె ముందు చేట, చేట పక్కన ఆయన డైరీ, దాని పక్కన బెంజో పెట్టె. దాన్ని పైనుంచి ఎవరితోనో దింపించినట్టుంది.

"దీంట్లో ఆ యమ్మ పేరు యాడన్నా వుండాదేమో సూడు."

"ఏ యమ్మ వదినా?"

"వడమాలపేట ఆమె."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుగు మీద కూలబడ్డాను. ఆమె శనక్కాయలు ఒలవడం ఆపలేదు. నా ముఖం చూడకుండా చెప్పుకుపోయింది. "ఆ పొద్దు గుడ్డలు నానబెడతా సొక్కా జోబీలో ఈ పుస్తకం సూసినా. నాకు పెద్దచ్చరాలే తెలుస్తాయి, బస్సు బోర్డు మాదిరి వుంటేనే. ఒక పేజీ నిండా ఆ ఊరే. నిన్ను అడిగితే నువ్వే గదా చెప్పినావు, ఆయన పాణమంతా ఆడే వుండాదని. అయ్యోరు అబద్ధం చెప్పడు గదా అనుకున్నా. మరుసటేడు నా చెయ్యి ఇరిగితే కట్టు కట్టిచ్చేదానికి పుత్తూరికి పిల్చుకపొయినాడు. వడమాలపేటలో బస్సు ఆగినాది. నేను ఆయన మొగమే సూస్తా వున్నా. నవ్వుకున్నాడప్పా. వేలితో నా మోకాలి మీద తట్టి మరీ నవ్వుకున్నాడు. ఆ పొద్దు నేను చచ్చిపొయినా."

"ఎందుకు అడగలేదు వదినా?"

"అడిగి, అవునంటే?"

ఏం చెప్పినా నా నోటి మాటకు ఇక విలువ లేదు. ఒక మాటతో చేసినదాన్ని ఇంకో మాటతో సరిచెయ్యలేను. డైరీ తీసి ఆ చివరి పేజీ తెరిచాను. బెంజో పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ పాట నేను ఎప్పుడూ వాయించలేదు, ఎలా ఉంటుందో తెలియదు. పెట్టె పక్కన రెండు దెబ్బలు కొట్టి, ఒక్కో ఊరూ పైకి చదువుకుంటూ ఆర్డినరీ పద్ధతిలో మొదలుపెట్టాను. తిరుపతి, తిరుపతి, రేణిగుంట, వడమాలపేట నిలుపు. చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట, వడమాలపేట నిలుపు.

రెండో వరసకు శనక్కాయల చప్పుడు ఆగిపోయింది.

మూడో వరసకు ఆమె పెదవులు కదిలాయి. అది ఆమె పెరట్లో పాడుకునే పాట. వాళ్ళ పల్లెలో కాయలు ఒలిచేటప్పుడు ఆడవాళ్ళు పాడతారట. ఎండ దిగినాది రారా, ఏరు దాటి రారా, గనిమ మీద నిలబడి ఎవురికోసం సూస్తావు రారా. గనిమంటే పొలం గట్టు. ప్రతి "రారా" దగ్గరా ఆయన బస్సు వడమాలపేటలో ఆగుతోంది.

అయిదో వరస నడుమ ఊళ్ళ పేర్లు ఆగిపోయాయి. కింద పెన్సిలుతో చాలా సన్నని రాత. ఆమె కళ్ళకు ఆనలేదు. పైకి చదివాను. "ఆఖరిది గొణుగుతాది. కిందికి దిగితే ఆపేస్తాది. మిగతాది ఇనాల." దాని కింద వేరే రోజున రాసినది. "ఈ పొద్దు పాడలేదు." మళ్ళీ దాని కింద. "ఈ పొద్దూ పాడలేదు." అలా పేజీ అడుగుదాకా ఉంది. పెన్సిలు మొన మారిందేగాని మాట మారలేదు.

ఆమె ఏడ్చింది. ఆయన పోయిన రోజు ఏడవని ఏడుపు అది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసి, ఆడమనిషి ఏడుపు తగ్గేదాకా మాట్లాడకూడదని తెలిసి తప్పుకున్నారు. నేను ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది అని రాయడం తేలిక. చావలేదు, కూర్చున్నాను.

చాలాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నన్ను చూడకుండా, అడగకుండా, ఆ ఆఖరి వరస పాడింది. మూడేళ్ళు మూతబడిన గొంతు, గరగరలాడింది.

"సంగటి కెలికి మూసినాను, తొందరేమీ లేదురా."

"రాసుకున్నావా?" అని అడిగింది.

రాసుకోలేదు. వింటూ ఉండిపోయాను. అదే చెప్పాను. ఆమె విసుక్కోలేదు. మళ్ళీ పాడింది. ఈసారి ఒక్కో మాట దగ్గరా ఆగి, నేను మీట వెతుక్కునేదాకా ఉండి, తల ఊపాక ముందుకు కదిలింది. ఈ వరసలో బస్సు వడమాలపేటలో నిలవలేదు. దాన్ని దాటుకుని రేణిగుంట మీదుగా తిన్నగా కిందికి వచ్చేసింది. ఆయన పెన్సిలు రాత కింద నా చేత్తో రాశాను.

"ఆఖరిది ఏ ఊరికాడ ఆగినాదప్పా?"

"తిరుపతి, వదినా. ఏ పాటైనా ఆడికే రావాలనేవాడు అన్న."

ఆమె ఆ పేజీని చేతిలోకి తీసుకుని, నేను రాసిన చోట వేలు పెట్టి, చాలాసేపు చూసింది.

"మూడేండ్లు ఆ బస్సును రోడ్డు మీద నిలబెట్టేసినా గదప్పా నేను."

"మీరు కాదు వదినా. నేను."

ఆమె కాదనలేదు. శనక్కాయల చేటను నావైపు జరిపింది.